గంజికి లెక్క కట్టిన రోజులు

ఆ రోజుల్లో లెక్కకు లొంగనిది లోకంలో ఏదీ లేదని నా గట్టి నమ్మకం. చదువు ముగించి, సిరిసిల్లలో అద్దకం నీళ్లను శుద్ధి చేసే చిన్న ప్లాంటులో కొత్తగా చేరాను. నా లాప్‌టాప్‌లో ఒక గణిత నమూనా ఉండేది. ఎన్ని నీళ్లు వస్తున్నాయో, వాటిలో మలినం ఎంతో చెబితే చాలు, ట్యాంకులోని సూక్ష్మజీవులు దాన్ని తిని ఎంత పెరుగుతాయో, వాటికి ఎంత గాలి కొట్టాలో చెప్పేది. జగిత్యాలలో ఉండే మా సారు మాత్రం అంత తేలిగ్గా నమ్మలేదు. సమ్మెలయినా బంద్‌లయినా బయటికి పోయే నీళ్లు తేటగా ఉండాలి, లేదంటే కోరుట్ల బస్సెక్కాలి అన్నాడు. (కోరుట్ల మా ఊరు. అక్కడ మా అమ్మ నాలుగు పెళ్లి సంబంధాలు పట్టుకుని కూర్చుంది.)

ప్లాంటు నడిపేది నురుగు తాత. ట్యాంకు మీది నురుగు చూసి లోపలి సంగతి చెప్పేవాడు కాబట్టి ఆ పేరు. "నీ డబ్బ ఏమంటున్నది బిడ్డా?" అని అడిగేవాడు గానీ, నేను జవాబు చెప్పేలోపే గాలి మోటరు తగ్గించేసేవాడు. తీరా చూస్తే నా లెక్కా అదే చెప్పేది. నేను లేనప్పుడు స్క్రీన్ చూస్తున్నాడేమోనని అనుమానపడి, లాప్‌టాప్‌కు పాస్‌వర్డ్ తాళం కూడా పెట్టాను!

ఇంతలో తెలంగాణ కోసం సమ్మె ముదిరింది. మరమగ్గాలు ఆగాయి, అద్దకం ఆగింది, మాకు నీళ్లు రావడం ఆగింది. లెక్కలో సున్నా వేసి చూస్తే తెర మీద గీత కిందికి జారిపోయింది. తిండి లేక జీవులు తమను తామే తినేస్తాయట, పది రోజుల్లో దాదాపు ఏమీ మిగలవట. సమ్మె విరమించిన రోజున రంగు నీళ్లు ఉన్నవి ఉన్నట్టే వాగులో కలుస్తాయి. వాగు కింద పొలాలున్నాయి. నాకు ఏడుపొచ్చేసింది.

"ఏడిస్తె గవి బతుకయి. తిండి వెట్టాలె," అన్నాడు తాత.

ఆ రోజుల్లో సమ్మెలో భాగంగా రోజూ నడిరోడ్డు మీద వంటావార్పు. పెద్ద గుండిగల్లో అన్నం వండి, గంజి వార్చి, అక్కడే అందరూ కూర్చుని తినేవాళ్లు. మేము డ్రమ్ములు బండి మీద పెట్టుకుని పోయి ఆ గంజి అడిగాం. వారుస్తున్న ఒక అత్త, "బర్లకా?" అంది. కాదు, కంటికి కనబడని జీవులకు అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఎండ దెబ్బ తగిలినట్టున్నది. ముందు నువ్వు ఇంత తిను బిడ్డా," అని విస్తరేసింది. (తిన్నాను. పప్పు బాగుంది.)

గంజి పరీక్ష చేసి లెక్క వేస్తే రోజుకు నలభై బకెట్లు పొయ్యమంది. తాత అదిరిపడ్డాడు.

"నలభయ్యా! పొట్టలు పలిగి సస్తయి! ఏడికెళ్లి తీసినవు?"

"డ్రమ్ము పైనుంచి ముంచాను తాతా."

"గంజి కలపకుంట ఎవలన్న తాగుతరా?" అంటూ చెయ్యి మోచేతి దాకా ముంచి కలిపాడు. అడుగున పేరుకున్న తెల్లటి చిక్కదనమంతా పైకొచ్చింది. అంత చదువు చదివి పైన తేరిన నీళ్లను కొలిచానన్నమాట!

మళ్లీ పరీక్ష చేశాను. ఈసారి ఆరు బకెట్లు అంది. తల తిప్పి చూద్దును కదా, తాత అప్పటికే ట్యాంకు అంచున బకెట్లు వరుసగా పెట్టాడు. లెక్కపెట్టాను. ఆరే. ఒళ్లు జలదరించింది. ఆయన ఏ సమీకరణం చదివాడు? ఆ సమీకరణం రాసినవాళ్లు ఎన్నడైనా గంజి చూశారా? ఒకే ఆకలి ఆయనకూ వాళ్లకూ ఎలా అర్థమైందో నాకు అంతుబట్టలేదు. సిగ్గుపడుతూ లాప్‌టాప్‌కు తాళం తీసేశాను.

సమ్మె ముగిశాక ఎర్రటి నీళ్లు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు తాత బయటి నీళ్లను గాజు గ్లాసులో పట్టి ఎండకెత్తాడు. గ్లాసు వెనక ఆయన మొహం ముడతలతో సహా కనిపించింది. "బతికినయి బిడ్డా," అన్నాడు. కొలిచిన అంకెలన్నీ గంజి లెక్కతో తెర మీద గీసిన కొత్త గీతను పట్టుకునే నడిచాయి. ఆ తెర ముందు నిలబడి, తెలియకుండానే చేతులు జోడించాను.

ఇప్పుడు నా లెక్కలతో పెద్ద పెద్ద ప్లాంట్లు నడుస్తున్నాయి. ఎక్కడో ఒక ట్యాంకు చెడితే ఫోనొస్తుంది, నాలుగు అంకెలు మార్చి మళ్లీ టీ తాగుతాను. పేర్లయినా లేని ఆ ప్రాణుల కోసం వెక్కి వెక్కి ఏడ్చిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. నవ్వాక, దాన్ని చూసి కొంచెం కుళ్లుకుంటాను కూడా.