నడుము నొప్పి లేని కార్ఖానా

ఆ రోజుల్లో (మరీ తాతలనాటి మాట కాదు, నాలుగేళ్ల కిందటిది) లెక్కపెట్టి రాసుకున్నదే నిజమని నాకు గట్టి నమ్మకం. అందుకే ఆ ఉదయం, మావాళ్లు నేతపనికి వలస వచ్చి స్థిరపడ్డ గోడాదరా దగ్గరి కార్ఖానాలో హాజరైనవన్నీ ముందే రాసుకున్నాను: బట్ట నేసే సాంచెలు పన్నెండు, వాటిని నడిపే మనుషులు ఆరుగురు, వారిలో మా నాన్నకు అన్న, పెద్దబాపు ఒకడు, మూడు కాళ్ల స్టాండు మీద ఫోను ఒకటి, కోణాలు కొలిచే పరికరం ఒకటి, ప్రశ్నల కాగితాలు ఆరు, ఎం.టెక్. ఆఖరి ఏడాది విద్యార్థి ఒకడు. చేసే పని మనిషి ఒంటికి ఎంతవరకు సరిపడుతుందన్నది నా పరిశోధన. దాని మీద ఒక్క వ్యాసమైనా పరిశోధన పత్రిక అచ్చుకు ఒప్పుకుంటే తప్ప థీసిస్ ముట్టుకోనని మా గైడు సారు తెగేసి చెప్పారు. గడువు రెండు నెలలు. (థీసిస్ లేకపోతే హజీరా ఫ్యాక్టరీలో ఖాయమైన ఉద్యోగమూ లేదు.)

నా పథకం తేలిక. పోగు తెగినప్పుడల్లా మనిషి సాంచె మీదికి రెండుగా వంగి ముడి వేస్తాడు. ఆ వంపును ఫొటో తీసి, కోణం కొలిచి, పట్టికలో పెడితే వ్యాసం తయారు. చిన్నప్పటి నుంచి చూస్తున్న వంపే. కానీ ముందురోజే పెద్దబాపు "మావోడు తీసే ఫోటోలు ఫారిన్ పుస్తకంల పడుతయంట" అని అందరికీ చాటేశాడు. దాంతో ఆరుగురూ గడ్డాలు గీసుకుని, పెళ్లిళ్లకు దాచుకున్న చొక్కాలు ఇస్త్రీ చేయించుకుని వచ్చారు. పోగు తెగితే ఒక్కరూ వంగరే! నడుము కొయ్యలా నిలబెట్టి, మెడ ఎత్తి, ఫోను వైపు చూస్తూ, వేళ్లతో తడుముకుంటూ ముడులు వేశారు. "జర వంగు పెద్దబాపూ" అని బతిమాలాను. "ఏందిరా, ఫారినోళ్ల ముంగట గూనోని లెక్క వంగాల్నా?" అన్నాడు.

ప్రశ్నల కాగితాలది ఇంకా ఘోరం. మనిషి బొమ్మ మీద నొప్పి ఉన్నచోట గుర్తు పెట్టమంటే ఆరు బొమ్మలూ మచ్చ లేకుండా తిరిగొచ్చాయి. (రోజూ సాయంత్రం పెద్దమ్మ చేత నడుముకు బామ్ రాయించుకునే పెద్దబాపు కాగితం అన్నిటికన్నా శుభ్రం.) సారు నా పట్టిక చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నడుము నొప్పి లేని కార్ఖానా ప్రపంచంలో ఇదొక్కటే. ఏదైనా భక్తి పత్రికకు పంపు, మహిమల కింద వేసుకుంటారు" అన్నారు హిందీలో.

నేరుగా పెద్దబాపు ఇంటికెళ్లి ఎగిరాను. "నా డిగ్రీ పోయేటట్టున్నది. నొప్పి లేదని అబద్ధమెందుకు రాసినవ్?"

ఆయన చాయ్ సాసర్లో పోసుకుని, ఊదుకుని, "నీ కాగితంల మొదటి లైను సదువు" అన్నాడు. చదివాను. పేరు, వయసు, కార్ఖానా, సేఠ్ పేరు. "నొప్పున్నదని పేరుతోని రాసిస్తే, నీ పుస్తకం ఫారిన్ పోతదో లేదో గాని సేఠ్ దగ్గరికైతే పోతది. 'ముసలోనివైనవ్ కాకా, ఇగ ఇంట్ల కూసో' అంటడు. అప్పుడు నీ డిగ్రీ నాకు పనిస్తదా?"

పట్టికలో మొదటి గడి పేరుకే ఉండాలని నేర్పిన చదువు ఈ సంగతి నేర్పలేదు. పెద్దబాపే తేల్చాడు: "రేపు ఫోను ఇంట్ల వెట్టి రా. రెండు సాంచెలు నువ్వే నడుపు. మేం సూస్తం."

మర్నాడు మొదటి గంట మహా హుషారు. తర్వాత తెలిసిందేమిటంటే, పుస్తకంలో చెప్పినట్టు నిలబడితే పోగు అందదు. పోగు అందేలా వంగితే పుస్తకం అందదు. మధ్యాహ్నానికి నడుము పట్టేసి, బట్ట తానుల మీద వెల్లకిలా పడి "అమ్మా" అన్నాను. ఆరుగురూ చుట్టూ చేరారు. జాలి పడతారనుకున్నాను.

"గింతకే అమ్మనా? నా బుజం సూడు, చెయ్యి మీదికి లేస్తలేదు" అన్నాడొకాయన.

"నీది ఒక్క బుజమే. నాకు మోకాళ్లు, రెండూ!" అని ఇంకొకాయన పోటీకి దిగాడు.

"హట్! నడుము సంగతైతే నాతోని మాట్లాడుండ్రి" అంటూ పెద్దబాపు చొక్కా పైకెత్తి అటు తిరిగాడు. నొప్పి పట్టీలు రెండు, ఒకదాని మీద ఒకటి. (మొదటిది పనిచేయలేదని తీసేస్తే దండగ కదా.)

పడుకున్నచోటే కాగితం తీసి, పేర్లకు బదులు అంకెలు వేసి, అందరి నొప్పులూ రాసుకున్నాను. సేఠ్ గడి కొట్టేశాను. ఒక చిన్న పత్రిక రెండుసార్లు తిప్పి పంపి, గడువుకు నాలుగు రోజుల ముందు ఒప్పుకుంది.

అచ్చయ్యాక ప్రతి తీసుకెళ్తే, ఫొటో లేదని పెద్దబాపు కాసేపు అలిగాడు. "దీంట్ల నేనెవన్ని?" "మూడో నంబరు." ఇంగ్లీషు రాకపోయినా ఆ వరుస మీద వేలు పెట్టి మెల్లగా చివరిదాకా జరిపాడు. తర్వాత "నీదేది? ఒక్కపూటకే కూలవడ్డవ్ గద, రాయి" అన్నాడు. అలా రాస్తే శాస్త్రం ఒప్పుకోదన్నాను. "తానుల మీద పన్నప్పుడు ఎటువోయింది నీ శాస్త్రం?" అని పెన్సిల్ నా చేతిలో పెట్టాడు.

ఇప్పుడు హజీరాలో ఇతరుల కుర్చీల ఎత్తు సరిచేసే ఉద్యోగం చేస్తూ, నేను మాత్రం రోజంతా రొయ్యలా వంగి కూర్చుంటాను. అప్పుడప్పుడు ఆ ప్రతి తీసి చూస్తే, అన్నీ కొలిచేయగలననుకున్న ఆ కుర్రాడి మీద నవ్వూ, కొంచెం ముద్దూ వస్తాయి. పట్టిక కింద పెన్సిల్‌తో రాసిన వరుస ఇంకా చెరగలేదు. ఏడో నంబరు. వయసు: ఇరవై మూడు. నొప్పి: నడుము. పని అనుభవం: నాలుగున్నర గంటలు.