దొంగల గడిలో అమ్మ గొంతు

మా గైడు గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. పోనీలే, క్షమించెయ్ అని చెప్పేవాళ్లుంటారు. వాళ్ల అమ్మను ఎవరూ దొంగ అనలేదు కాబట్టి చెప్పగలరు.

తిరుపతిలో ఆయన దగ్గర పరిశోధన చేసేదాన్ని. మనిషిని గొంతుతో గుర్తుపట్టడం మా పని. ఒకరి గొంతు రికార్డు చేసి వినిపించి ఇంకొకరు మోసం చేయొచ్చు కాబట్టి, ఫోను ప్రతిసారీ ఏదో ఒక కొత్త మాట చెబుతుంది, మనిషి వెంటనే అదే మాట తిరిగి చెప్పాలి. గొంతూ కలవాలి, మాటా కలవాలి. ఆలోచన మంచిదే, అందులో సగం నాది. మాటలు మాత్రం ఆయనే ఎంచాడు. చేప, చెరుకు, చుక్క, చాలు, ఇలాంటివి.

ఆయనదీ చిత్తూరు పక్క పల్లెటూరే. మాట్లాడటం మాత్రం వార్తలు చదివేవాళ్లలా మాట్లాడేవాడు. మాలో ఎవరైనా నోరుజారి 'ఉండాది' అంటే, పాఠం ఆపి 'ఉంది' అనిపించే దాకా వదిలేవాడు కాదు.

డిపార్టుమెంటు పిల్లలతో పరీక్షిస్తే అంతా బ్రహ్మాండం. బయటివాళ్లతో కూడా చూడాలి కదా అని ఆ ఫోనును నగరిలో మా ఇంటికి తీసుకెళ్లాను. అమ్మ మగ్గం దగ్గర్నుంచి లేచి వచ్చి కూర్చుంది. కాసేపు మాట్లాడించి ఆమె గొంతును ఫోనుకు అలవాటు చేశాను. తర్వాత ఫోను "చేప" అంది. అమ్మ "సేప" అంది. తెర ఎర్రబడింది. "చెరుకు" అంటే "సెరుకు" అంది. మళ్లీ ఎరుపే. మా నాయనకూ, పక్కింటి అత్తకూ అదే గతి.

"అది సెప్పిందే గదా పాపా నేనూ సెప్పినాను," అని అమ్మ ఫోనును అటూ ఇటూ తిప్పి చూసింది. "నా గొంతు నాది కాదంటాదా ఇది?"

తప్పు మాది, మాటలు మార్చుకుంటే సరిపోతుంది అనుకుంటూ తిరుపతి వచ్చాను.

గైడు ఫలితాలు చూసి, "వీటిని దాడుల గడిలో వెయ్యి," అన్నాడు. మా పట్టికలో దాడులంటే వేరేవాళ్ల పేరుతో దూరబోయిన దొంగల ప్రయత్నాలు. వాటిని ఎన్ని ఆపితే మా పద్ధతికి అంత పేరు.

"సార్, వీళ్లు దొంగలు కాదు. అందులో మా అమ్మ ఉంది."

"మాట సరిగ్గా పలకనివాళ్లను ఆపడమే దాని పని. మీవాళ్లకు తెలుగు నేర్పించుకో, నాకు పాఠాలు చెప్పకు. వెయ్యకపోతే నీ థీసిస్ మీద నా సంతకం ఉండదు."

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది యవ్వారం. ఎంత మొత్తుకున్నా ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

సమీక్ష రోజు బయటి నుంచి ప్రొఫెసర్లు వచ్చారు. ఆయన ముందు వరుసలో కూర్చున్నాడు. నేను పట్టికను ఉన్నదున్నట్టు చూపించాను. నగరివాళ్లంతా అసలు మనుషుల గడిలోనే ఉన్నారు, ఓడిపోయింది మా పద్ధతి. ఎందుకు ఓడిందో చెప్పబోతుంటే ఆయన ముఖం కందగడ్డ చేసుకుని లేచాడు.

"సాలు! సాలు, కూర్చో!"

నేను కూర్చోలేదు.

"సార్, ఇప్పుడు మిమ్మల్ని ఏ గడిలో వెయ్యమంటారు?" అన్నాను.

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన తలుపు దడాలున వేసి వెళ్లిపోయాడు. సంతకం పెట్టలేదు. ఇంకో గైడును వెతుక్కుని థీసిస్ మొదటి నుంచి రాసుకోవాల్సి వచ్చింది. ఆ కోపంలో అమ్మకు ఫోన్ చేసి, ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. అమ్మ అంతా విన్నది.

"సాల్లే పాపా," అంది. "కోపమొస్తే ఆయప్పకూ వాళ్లమ్మ నేర్పిన మాటే గదా వచ్చింది."

అమ్మకు ఆయన మీద జాలి కలిగింది. నాకు కలగలేదు. ఆ మాట నేర్పిన తల్లిని కూడా ఆయన దొంగల గడిలోనే వెయ్యమన్నాడు.