కనుమకు గంట దూరంలో

మా డ్రిల్లు సారు పోయారు. పొద్దున నడకకు బయలుదేరుతూ, గడపమీద కూర్చుని బూట్లు తొడుక్కుంటూ పక్కకు ఒరిగిపోయారట. ఒక బూటు కాలికే ఉంది, రెండోది చేతిలో ఉంది. మేడ్చల్‌లో మందుల కంపెనీ షిఫ్టు దిగి నేను బండి తీస్తుండగా వాళ్ల అమ్మాయి ఫోన్ చేసింది. “అన్నా, మా అబ్బా పోయిండు” అంది. అంతకుమించి ఆమె మాట్లాడలేకపోయింది. బండికి స్టాండు వేసి గేటు పక్కనే కింద కూర్చున్నాను. కంపెనీ బస్సు వెనక నుంచి హారన్ కొడుతున్నా లేవబుద్ధి కాలేదు.

ఇది చదివే మీలో ఆయన దగ్గర డ్రిల్లు నేర్చుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. శామీర్‌పేట చుట్టుపక్కల బళ్లలో ఆయన ముప్పై ఏళ్లు పనిచేశారు. ఆయన గురించి నేను మీకు కొత్తగా చెప్పాల్సింది పెద్దగా లేదు. కాని ఒక్క సంగతి మీ అందరికీ తప్పుగా తెలుసు. అది సరిచేయాలనే ఇది రాస్తున్నాను.

చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది. మా బాపు చెరువులో చేపలు పట్టేవాడు. తడిసిన వల గట్టుకు మోసుకురమ్మంటే సగం దారిలోనే కూలబడేవాణ్ణి. బళ్లో కబడ్డీ కూత నిలబడేది కాదు. పిల్లలు నాకు ‘సగం దమ్ము’ అని పేరు పెట్టారు. సారు వాళ్లనేమీ అనలేదు. ఆదివారం గుట్టలకు పోతున్నాం, నువ్వు కూడా రా అని మాత్రం నాతో అన్నారు.

అప్పట్లో కీసర దాకా ఎటు చూసినా గుట్టలే. సగం ఇప్పుడు క్రషర్లలో కంకరై పోయాయి. ఆరేడుగురం పిల్లలం ముందు నడిచేవాళ్లం, సారు అందరికంటే వెనక వచ్చేవారు. “జట్టు నడక అంటే ఎనకోని నడకనే బేటా” అనేవారు. ఆ వెనకబడేవాణ్ణి ఎప్పుడూ నేనే. నా అడుగు ఆగితే ఆయన అడుగూ ఆగేది. తొందరపెట్టిన గుర్తే లేదు. మా బూట్ల లేసులు ఊడితే తానే వంగి కట్టేవారు. దారిలో కనిపించిన చాక్లెట్ కాగితాలన్నీ ఏరి ప్యాంటు జేబులో కుక్కుకునేవారు. ఇంటికి చేరేసరికి ఆ జేబు ఉబ్బిపోయి ఉండేది. ఇంట్లో అమ్మీ ఆ కాగితాలు దులుపుతూ ప్రతిసారీ గొణిగేవారట. సారు భార్యను మేమంతా అమ్మీ అనేవాళ్లం.

గుట్ట మీద అటుకులు, బెల్లం తింటూ ఆయన మాకు ఒక కనుమ సంగతి చెప్పేవారు. వయసులో ఉండగా ఎన్‌సీసీ క్యాంపులో ఒక సిపాయి చెప్పాడట. హిమాచల్‌లో రెండు కొండల నడుమ ఉన్న ఆ కనుమ దాటితే ఒక చెరువు ఉందట. నడి ఎండాకాలంలో కూడా సగం మంచుగడ్డగానే ఉంటుందట. సారు దాన్ని పుల్లతో మట్టిలో గీసి చూపించేవారు. ఏటేటా పోదామనుకునేవారు. ఒక ఏడు తల్లికి జబ్బు, ఇంకో ఏడు పిల్ల పెళ్లి. చివరికి రిటైరయ్యాక పోయినేడు ఎండాకాలంలో కుదిరింది. నాకంటే గట్టివాళ్లు ఆయన శిష్యుల్లో ఎందరో ఉన్నారు. ఆయన నన్నే అడిగారు.

ఆరు రోజుల నడక. దారిలో ఊరంటూ లేదు. సారూ నేనూ, దారి తెలిసిన ఆ కొండల మనిషి ఒకాయన, అంతే. రెండు డేరాలు, ఒక స్టవ్వు, అమ్మీ ఎండబెట్టి ఇచ్చిన జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం. మొదటి రోజు దేవదారు అడవి. రెండో రోజుకు చెట్లు అయిపోయాయి. మూడో రోజు రాళ్లు, మంచునీళ్ల వాగులు. వాగు పక్కన డేరా వేసుకున్నాక సారు చల్లటి నీళ్లతో ముఖం, కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసి, రాళ్ల మధ్య నమాజు చేసుకుని వచ్చి, రొట్టె నీళ్లలో ముంచుకుని తింటూ చిన్నపిల్లాడిలా నవ్వేవారు. ఆ మూడు రోజులూ ఆయన ముఖం మీద ఉన్న సంతోషం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

మూడో రోజు మధ్యాహ్నం నుంచే, ఎత్తులో గాలి పలచబడేసరికి, నాకు తలనొప్పి మొదలైంది. సారు రెండుసార్లు అడిగారు. ఏమీ లేదని రెండుసార్లూ అబద్ధం చెప్పాను. నా వల్ల ఆయన ప్రయాణం చెడకూడదనుకున్నాను.

నాలుగో రోజు తెల్లవారగానే కనుమ ఎక్కడం మొదలుపెట్టాం. మంచులో రెండు గంటలు నడిచేసరికి నా కాళ్లు తాగినవాడి కాళ్లలా పడసాగాయి. కుడిచేతి గ్లౌజు ఎడమచేతికి తొడుక్కోబోతూ వాంతి చేసుకున్నాను. సారు నా ముఖం రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

“బేటా, నీ బిడ్డ పేరేంది?”

నోరు తెరిచాను. రాలేదు. బిడ్డ ముఖం కళ్లముందే ఉంది, రెండు జడలతో సహా. పేరు మాత్రం దొరకలేదు.

పైన కనుమ కనబడుతూనే ఉంది. ఇంకో గంట నడక. దారి చూపే మనిషి, నన్ను తాను కిందికి దించుతానని, దారి సాఫుగానే ఉంది కాబట్టి సారు ఒక్కరే పోయి చూసి రావచ్చని అన్నాడు. సారు అప్పటికే నా సంచి విప్పి తన ఛాతీకి కట్టుకుంటున్నారు. పైకి తల ఎత్తి కూడా చూడలేదు. దిగేటప్పుడు నాకంటే కింద నడిచారు, నేను జారితే తన మీదే పడాలని.

సాయంత్రానికి రెండో రోజు మజిలీ చేరాం. అక్కడ గాలి చిక్కగా ఉంది. టీ తాగాక నా బిడ్డ పేరు దానంతట అదే నోట్లోకి వచ్చింది. ఆయన వినాలని గట్టిగా పలికాను. తర్వాత ఏడ్చాను. ఆయన నా వీపు మీద చెయ్యి వేశారు.

“ఎక్కుడు మన శేతుల లేదు బేటా. దిగుడు మన శేతుల ఉంటది. మంచిగ దిగినం” అన్నారు.

ఈ వేసవికి మళ్లీ పోదామని మొన్న చలికాలంలో అడిగాను. ఇంట్లో వద్దంటున్నారని, నన్ను పోయి చూసివచ్చి చెప్పమని అన్నారు. వయసు కదా అని వాళ్లు భయపడుతున్నారేమో అనుకున్నాను. ఆయన లేకుండా నేనూ పోలేదు.

ఖబ్రస్తాన్‌లో మట్టి వేయడానికి వరసలో నిలబడి ఉన్నాను. సారుతో కలిసి పనిచేసిన పెద్దసారు ఒకాయన నా చెయ్యి పట్టుకున్నారు. “పోయినేడు కొండల మీద ఆయనకు దమ్మాగకపోతే నువ్వే సంబాళించి దించుకొచ్చినవంట గదా. నీ పుణ్యాన ఇంకో యేడు బతికిండు” అన్నారు. నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. తర్వాత ఇంకొకరు వచ్చి అదే మాట అన్నారు. గౌడవెల్లి నుంచి వచ్చిన ఆయన బావమరిది నన్ను కావలించుకున్నాడు. ఊరంతటికీ సారు అలాగే చెప్పారు. ఆగిపోయింది తన ఊపిరని, దించింది నేనని. నాకు మళ్లీ ఆ పాత పేరు రాకూడదనుకుని ఉంటారు. పిడికిట్లో మట్టి పట్టుకుని ఒక్కరికీ నిజం చెప్పలేకపోయాను.

మూడో రోజు సమాధి దగ్గర జియారత్ ప్రార్థనలు అయ్యాక ఇంటికి వెళ్లాను. అమ్మీ ఇద్దత్‌లో ఉన్నారు, భర్త పోయాక నాలుగు నెలలు పైగా బయటి మగవాళ్ల కంట పడరు. పరదా వెనక కూర్చుని మాట్లాడారు. ఆయనను దించుకొచ్చానని ముందుగా ఆమె కూడా నాకు దువా ఇచ్చారు. ఇక ఉండలేక జరిగిందంతా చెప్పేశాను. తలనొప్పి దాచడం, బిడ్డ పేరు మరిచిపోవడం, గంట దూరంలో ఉన్న కనుమ, అన్నీ. ముఖం కనబడని మనిషికి చెప్పడం సులువనుకున్నాను. కాదు.



“ఈ యేడు గూడ పోత పోత అన్నడు బేటా” అన్నారు అమ్మీ. “నేను, పిల్లలు కొట్లాడి ఆపినం. నీ దమ్ము ఆగదు, పోయినేడు సూసినం గద అన్నం. ఒక్క మాట ఎదురు జెప్పలే. ఊకెనే ఆపినం ఆయనను.”

ఒక్క మాట నిజం చెప్పి ఉంటే ఆయన మళ్లీ పోయి ఉండేవారు. ఆ చెరువు చూసేవారు. నా పరువు కోసం ఆయన దాన్నే వదులుకున్నారు. ఆమె ఏడుస్తున్నారని వినబడుతోంది. పరదా ఇవతల నేనూ ఏడ్చాను.

లేచి వస్తుంటే వాళ్ల అమ్మాయి నన్ను మేడ మీదికి తీసుకెళ్లింది. అక్కడ ఆయన డేరా నిలబెట్టి ఉంది. ముక్కవాసన పట్టకుండా ఎండ తగలాలని పోయే ముందురోజే వేశారట. నాలుగు మూలలా నాలుగు ఇటుకలు. మడతపెట్టడానికి ఎవరికీ చేతులు రావడం లేదని ఆమె చెప్పింది. నాకూ రాలేదు. ఇద్దరం పిట్టగోడకు ఆనుకుని నిలబడ్డాం. చెరువు వైపు నుంచి గాలి వచ్చినప్పుడల్లా ఆ నారింజరంగు గుడ్డ నిండుగా ఉబ్బుతోంది. గాలి ఆగగానే మెల్లగా లోపలికి అణిగిపోతోంది.