దాలమ్మ ఊరేసిన గోగు

కార్తీకమాసంలో రెండో శనివారం, ఆ మర్నాడు ఆదివారం. ఆ రెండు రోజులూ పిల్లల్నీ, మా అత్తమామల్నీ భీమిలి తీసుకుపోయి సముద్రం గాలి తగిలేలా కూర్చోబెట్టాలని నెల ముందునుంచే కాగితం మీద రాసుకున్నాను. ఏ బస్సు ఏ గంటకి, కాచిన నీళ్ళు ఎన్ని సీసాలు, పాపకి పాలపొడి ఎన్ని చెంచాలు, మావయ్యకి ఆయాసం మాత్రలు, బాబుకి జ్వరం తగిలితే డాక్టరు ఏ వీధిలో ఉంటాడు, అన్నీ రాశాను. నేను విజయనగరంలో ఆడపిల్లల బడిలో సైన్సు చెబుతాను. పిల్లలు పుట్టాక నా చదువు భయపడటానికే ఎక్కువ పనికొచ్చింది. ఏ నీటిలో ఏముంటుందో, ఏ దోమ ఏం మోసుకొస్తుందో తెలిసినదానికి స్థిమితం ఉండదు.

ఆ కాగితంలో లేనిది ఒక్కటే, మా అత్తగారి గోగు.

మా అత్తగారి పేరు దాలమ్మ. చీపురుపల్లికి రెండు మైళ్ళ దూరంలో వాళ్ళ ఊరు. పదమూడో ఏట కాపరానికి వచ్చింది. పల్లపు మడులన్నీ మా మావయ్య జగన్నాధంగారు చూసుకునేవారు. మెరక మీద ఒక చెక్క భూమి ఉంది. అందులో చోళ్ళు వేసినా పండలేదు, నువ్వులు వేసినా పండలేదు. ఆయన విసిగి వదిలేస్తే ఆవిడ గోగు వేసింది. అప్పటినుంచి అది ఆవిడ చెక్క. పూత మొదలవగానే కోసి, ఆకు రాలనిచ్చి, కట్టలు కట్టి, ఊరి చివర మడుగులో ముంచి పైన మట్టిబెడ్డలు పేర్చేది. గోగు ఊరాక నడుం లోతు నీళ్ళలో రోజంతా నిలబడి పుల్లనుంచి నార ఒలిచేది. ముప్పై ఏళ్ళు అలా నిలబడింది. ఎడమకాలు వాచిపోయి ఉండేది. అది దోమలు తెచ్చే బోదకాలని నాకు తెలుసు కనకనే ఆ మడుగంటే నాకు భయం.

గోగు ఊరేసేవాళ్ళకి కష్టమంతా రోజు పోల్చుకోవడంలోనే ఉంది. ఒక రోజు ముందు తీస్తే బెరడు వదలదు. ఒకటి రెండు రోజులు దాటితే నార బలం పోతుంది. దాలమ్మకి అది ముక్కుతో తెలిసేది. పొద్దునా సాయంత్రం మడుగు గట్టుకు వెళ్ళి ఒక పుల్ల లాగి వాసన చూసేది. దారిన పోయేవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకునే ఆ కంపులో ఆవిడకి మెట్లు ఉండేవి. "ముందర పచ్చాకు వాసన. తరవాత పులిసిన గంజి. ఆ మీదట ఒక పూట కూసింత తీపి కలుస్తాది. ఆ పూటే దిగిపోవాల," అని నాకు ఒకసారి చెప్పింది.

చీపురుపల్లిలో నార కొనే షావుకారు సూరయ్య అందరి కట్టలూ విప్పి, చెయ్యి లోపలికంటా పెట్టి చూస్తాడు. ఈవిడ కట్ట విప్పడు. "అది దాలమ్మది, మేలురకంలో పెట్టండి," అంటాడట. ఈ మాట మావయ్య చెబుతుంటే ఆవిడ విననట్టు పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ కూర్చునేది. నేను కాపరానికి వచ్చిన ఆరేళ్ళలో ఆవిడ మొహంలో గర్వమంటూ చూసింది ఆ ఒక్క మాట దగ్గరే.

శుక్రవారం బడికి సెలవు పెట్టి, పిల్లల్ని వెంటేసుకుని వాళ్ళని తీసుకురావడానికి వెళ్ళాను. సాయంత్రం రైలుకి విజయనగరం, తెల్లారి భీమిలి బస్సు. ఇంట్లో అత్తయ్య లేదు. పాపని మావయ్య ఒళ్ళో పెట్టి, బాబు చెయ్యి గట్టిగా పట్టుకుని మడుగు దగ్గరికి వెళ్ళాను. ఆ ఏడు వానలు తక్కువ. మడుగు సగానికి సగం ఇంకిపోయి నీళ్ళు టీ కషాయంలా ఉన్నాయి. అందులో అప్పటికే రెండు విడతల గోగు, వేరేవాళ్ళది, ఊరి వెళ్ళిపోయింది. అత్తయ్య గట్టున కూర్చుని పుల్ల వాసన చూస్తోంది.

"వాసన మారిపోతంది. రేపు పొద్దున్న నాను నీళ్ళల్లో దిగాలమ్మా," అంది.

"రేపు భీమిలి కదా అత్తయ్యా?"

"భీమిలి ఎక్కడికి పోతాది? గోగు ఆగదు."

పక్కింటి గున్నమ్మ తడినార మోపుతో గట్టెక్కుతూ ఆగింది. "ఏటే దాలమ్మా, కోడలు సముద్రం సూపిస్తాదట! ఈ మడుగులో ముప్పై ఏళ్ళు నానినావు. అది సాలక ఉప్పునీళ్ళల్లో కూడా ఊరేస్తాదేటి నిన్ను?"

"నీ కుళ్ళూ నువ్వూను. ఎల్లే, ఎల్లు," అని అత్తయ్య నవ్వింది.

నేను నవ్వలేదు. భీమిలిలో మా హెడ్‌మిస్ట్రెస్‌గారి అన్నగారి ఇల్లు ఆ రెండు రోజులే ఖాళీ. మా ఆయన లక్ష్మణరావు తాలూకా ఆఫీసులో బతిమాలుకుని శనివారం పని తప్పించుకున్నారు. వంగి ఒక పుల్ల లాగాను. పుల్ల మొదలు దగ్గర బెరడు ఇంకా అంటుకునే ఉంది.

"చూడండి, ఇంకా ఊరలేదు," అన్నాను.

"మొదలెప్పుడూ ఆలీసమేనమ్మా. నడుం సూడాల."

"ఇవాళ్టికి పన్నెండు రోజులే అయింది. వ్యవసాయశాఖవాళ్ళ పుస్తకంలో పదిహేను నుంచి ఇరవై అని ఉంది. ఇది నీళ్ళలో ఉండే సూక్ష్మజీవులు చేసే పని. చలి మొదలైతే అవి నెమ్మదిస్తాయి. మంగళవారం దాకా ఏమీ కాదు. సోమవారం వచ్చి నింపాదిగా తీసుకోవచ్చు."

"పుస్తకంలో ఉన్నాదేటి?"

"ఉంది."

ఆవిడ చేతిలో పుల్లని మళ్ళీ ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"పోనీ ఆదివారం నాను దిగి గట్టుమీద పడేత్తునా?" అంది గున్నమ్మ.

అత్తయ్య నా మొహంలోకి చూసింది. అక్కర్లేదన్నాను. నేను గోగు సంగతి తెలిసి ఆ మాట అనలేదు. నా కాగితం చెడిపోకూడదని అన్నాను. ఇది ఇప్పుడు రాయడం తేలిక.

భీమిలిలో మావయ్య చిన్నపిల్లాడైపోయారు. పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి అలల్లోకి దిగి, "ఒసే, రాయే! కాళ్ళు తడుపుకో!" అని అరిచారు.

"ముప్పై ఏళ్ళనుంచి తడిసినవే. నాలుగు గంటలు ఆరనీ," అంది ఆవిడ ఇసుకలో కూర్చునే.

"సముద్రం ముందర కూకుని మడుగు కోసం బెంగెట్టుకున్న మనిషివి నువ్వొక్కర్తివే!"

నేను బాబుని అలకి ఇరవై అడుగుల ఇవతల ఆపడంలో, పాప నోట్లో ఇసుక తియ్యడంలో, సీసాల్లో కాచిన నీళ్ళు ఎంత మిగిలాయో చూసుకోవడంలో ఉన్నాను. మధ్యలో ఒకసారి, "బాగుందా అత్తయ్యా?" అని అడిగాను.

"బాగున్నాదమ్మా. ఇక్కడ ఉప్పు తప్ప మరే వాసనా తెల్దు," అంది.

ఆదివారం పొద్దున్న చూస్తే చీర మార్చుకుని, మూట కట్టుకుని వీధరుగు మీద కూర్చుని ఉంది.

"అమ్మాయీ, నన్ను ఈ బస్సెక్కించెయ్. మీరంతా సాయంత్రం రండి."

"ఒక్కరే ఎలా వెళతారు? విజయనగరంలో బస్సు దిగాలి, స్టేషనుకి నడవాలి, టిక్కెట్టు తీసుకోవాలి."

"అడుక్కుని పోతాను. నోరున్నాది కదా."

"తప్పిపోతే?"

"తప్పిపోడానికి నానేటి చిన్న గుంటనా?"

మా ఆయన చొక్కా వేసుకుంటూ, "పోనీ నేను దిగబెట్టి వస్తాలే," అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "అత్తయ్యా, మీకు విశ్రాంతిగా ఉంటుందనే కదా ఇంత పెట్టుకున్నాను! ఒక్క పూట అందరం కలిసి ఉండకూడదా?" అన్నాను. అంటూనే ఏడుపొచ్చింది. అది దొంగ ఏడుపు కాదు. కాని అది ఏం పని చేస్తుందో నాకు తెలియదని చెప్పలేను.

ఆవిడ మూట ముడి విప్పింది. "ఏడవకమ్మా. సాయంత్రమే ఎల్దాం."

సోమవారం పిల్లల్ని మా ఆయనకి అప్పగించి అత్తమామల్ని దిగబెట్టడానికి నేనే వెళ్ళాను. అత్తయ్య ఇంటికి కూడా పోలేదు. మూట నా చేతికిచ్చి, దారిలోంచే మడుగులోకి దిగింది. బెడ్డలు తోసి మొదటి కట్ట విప్పి, పుల్ల తీసి నార లాగింది. లాగనక్కరలేకపోయింది. తడిసిన కాగితంలా చేతికి ఊడి వచ్చింది. రెండోది తీసింది. తరవాత ఇంకో కట్ట. మొదళ్ళలో మాత్రమే కాస్త పీచు నిలబడింది, నడుమంతా పోయింది. గున్నమ్మ గట్టుమీదికి వచ్చింది. ఒక్క ఎకసెక్కం కూడా ఆడకుండా మెల్లిగా కూర్చుంది.

ఆ నల్లటి నీళ్ళు చూస్తూ నిలుచుంటే అర్థమైంది. నేను రోజూ పాలు తోడు పెడతాను. నిన్నటి పెరుగు చెంచాడు వేస్తే ఎంత త్వరగా తోడుకుంటుందో నాకు తెలుసు. అలా ఎందుకవుతుందో నా క్లాసులో పిల్లలకి బొమ్మ గీసి చెబుతాను కూడా. రెండు విడతల గోగు ఊరిన మడుగంటే మడుగు మడుగంతా తోడే. పుస్తకంలో రాసింది కొత్త నీళ్ళ లెక్క. దాలమ్మ ముక్కు సరిగ్గా చెప్పింది.

ఆవిడ గట్టెక్కి, తడిచీర పిండుకుంటూ, కోపం లేకుండా అడిగింది. "ఎందుకిలాగయ్యిందమ్మా? నీకు తెలుస్తాది కదా."

గున్నమ్మ చూస్తోంది. మావయ్య చూస్తున్నారు. నేను అన్నాను: "శుక్రవారానికే దాటిపోయి ఉంటుంది అత్తయ్యా. పైకి తెలియలేదు."

ఆవిడ మడుగువైపు తిరిగింది. "అయితే నాకే తెల్నేదన్నమాట. ముసిలిదాన్నయిపోనాను. ముక్కు సెడిపోయింది గావాల," అంది.

ఆ నిమిషంలో మాట వెనక్కి తీసుకోవలసింది. తీసుకోలేదు.

ఉన్న నారే ఆరబెట్టి చీపురుపల్లి తీసుకుపోయారు. అక్కడ జరిగింది మావయ్య తరవాత చెప్పారు. కూలివాడు అలవాటు కొద్దీ కట్టలు మేలురకంలో పెట్టబోతుంటే ఆవిడే ఆపిందట. "సూరయ్యబాబూ, ఇప్పి సూడు," అందట. ఆయన చెయ్యి పెట్టి చూసి, కాలితో అవతలి నాసిరకం గుట్టలోకి తోశాడట.

మరుసటి ఏడు కార్తీకంలో మావయ్య చేతిరాతతో కార్డు వచ్చింది. "మీ అత్త గోగు ఊరవేసి నేటికి తొమ్మిది రోజులు. ఏ రోజు తియ్యవలెనో నిన్ను రాయమంటున్నది." ఈసారి దాటిపోకూడదని భయపడి తేదీ ముందుకు జరిపి రాశాను. నార బెరడుతో గట్టిగా వచ్చింది. ఆ ఏడూ అవతలి గుట్టలోకే పోయింది. పండక్కి వెళ్ళినప్పుడు గున్నమ్మ నన్ను పెరట్లో నిలబెట్టి అడిగింది. "ఇంకా రెండ్రోజులు ఆగవే అని నాను మీ అత్తకి సెప్పినాను. అమ్మాయి రాసిన రోజే తీస్తానంది. ఏటమ్మా, ఏ మందు పెట్టేసినావు దానికి?"

ఆ మధ్యాహ్నం అత్తయ్య బాబుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "సదువంటే మీ అమ్మది," అని వాడికి చెబుతోంది.

నిన్న మళ్ళీ కార్డు వచ్చింది. ఈసారి పది రోజులు అయిందట. ఈ ఏడు వానలు బాగా పడ్డాయి, మడుగు నిండుగా ఉంది, నీళ్ళు కొత్తవి. ఈ లెక్కలన్నీ వేసుకున్నాను. మీ ముక్కుకి ఏమీ కాలేదు, ఆ ఏడు తప్పు నాది, ఆ సంగతి నాకు గట్టుమీదే తెలుసు అని రాయడానికి కార్డు మీద చోటుంది. రాస్తే ఆవిడ నమ్మదేమోనని రెండేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. అది నిజం కాదు. నమ్ముతుందని నా భయం.

బుధవారం తియ్యమని మాత్రమే రాసి, బడికి పోతూ కార్డు డబ్బాలో వేశాను.