హుసేనప్ప పళ్ళు, హుసేనప్ప ఈల

హాలహర్వి చుట్టుపక్కల పల్లెల్లో హుసేనప్పను పేరుతో కన్నా ఈలతోనే ఎక్కువమంది ఎరుగుదురు. నోట్లో వేలు పెట్టేవాడు కాదు. నాలుకను పై పళ్ళకు ఆనించి ఒక్క ఈల వదిలాడంటే అవతలి చేలో మేస్తున్న అతని గొర్రెలు తలలెత్తి ఇటు తిరిగేవి. దారిన పోయే ఆటోలు కూడా ఆగేవి. తమనే ఎవరో పిలిచారని డ్రైవర్లు వెనక్కి చూసేవారు.

అతని భార్య తిమ్మమ్మది ఎమ్మిగనూరు వైపు. ఆమె తమ్ముడు నరసన్న దగ్గర పోటీలకు కట్టే ఎద్దుల జత ఉంది. అవి దూడలుగా ఉన్నప్పుడు మేపింది హుసేనప్పే. జాతరలో బండలాగుడు పోటీకి బావ వచ్చి ఈల వేస్తే తప్ప తన ఎద్దులు కాలు కదపవని నరసన్న నమ్మకం.

అంతటి ఈలకు ఎసరు పెట్టింది నల్లపొడి. పొగాకు కాల్చి నూరిన ఆ పొడితో హుసేనప్ప పొద్దున, మధ్యాహ్నం, ఊసుపోకపోతే సాయంత్రం కూడా పళ్ళు తోమేవాడు. "నా అంత సేపు పండ్లు తోమేటోడు ఈ మండలంలో యాడన్నా ఉండాడా?" అని గొప్పలు పోయేవాడు. చిగుళ్ళ నుంచి నెత్తురు కారితే, "సెడు రగతం పోతాంది, మంచిదే" అనేవాడు. యాభై దాటేసరికి చిగుళ్ళు జారి పళ్ళు పొడుగ్గా కనిపించాయి. తర్వాత ఊగాయి. పైన ముందరి పళ్ళు నాలుగూ పోయాయి. ఒకటి జొన్నరొట్టెలో పోతే, ఇంకొకటి తుమ్ములో పోయింది.

దాంతో ఈలా పోయింది. ఎంత ఊదినా "ఫుస్" మని గాలే. గొర్రెలు పట్టించుకోవడం మానేశాయి. తిమ్మమ్మ కంచం, గరిటె పట్టుకుని చేలోకి పోయి వాయించాల్సి వచ్చింది.

"పెండ్లయినప్పట్నుంచి నీ ఈలకు నేను ఒక్కసారన్నా పలికినానా? ఇప్పుడు నీ గొర్రెలకు నేను మేళం కొట్టాల్నా?" అందామె.

హుసేనప్ప నవ్వాడు గానీ, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. అది చూసి తిమ్మమ్మకు మనసు చివుక్కుమంది. నోరంతా తెరిచి నవ్వే మనిషి.

"లెయ్, ఆదోనికి పోదాం" అంది.

ఆదోనిలో పళ్ళ డాక్టరు శరణ్య. పత్తి వ్యాపారుల ఇంటి పిల్ల. నవ్వుతూనే మెత్తగా చివాట్లు పెట్టగలదు.

"ఏం పెట్టి తోముతాండావన్నా?" అని అడిగింది, అద్దం నోట్లో పెట్టి చూస్తూ.

"నల్లపొడి మేడమ్. మూడు పూట్లా."

"అంటే మూడు పూటలా పొగాకు నోట్లో పెట్టుకుంటున్నావు. చిగురు వాచి, లోపల ఎముక కరిగింది. మన్ను కొట్టుకుపోతే చెట్టు నిలబడుతుందా?"

ఆమె మిగిలిన పళ్ళకు పట్టిన గారంతా గీకి తీసింది. మెత్తటి బ్రష్షు ఇచ్చింది. శనగగింజంత పేస్టు చాలని, చిగురు అంచు వెంట నెమ్మదిగా తోమాలని, పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి తప్పదని చెప్పింది. పళ్ళ సందుల్లోకి పోయే చిన్న బ్రష్షును చూసి హుసేనప్ప, "ఇది ఎలకలకా మేడమ్?" అన్నాడు.

జాతర దగ్గర పడిందని, తన ఈల సంగతీ చెప్పి హుసేనప్ప బతిమాలితే తీసి పెట్టుకునే పళ్ళు చేయించి ఇచ్చింది.

"అన్నం తిను, ఫొటో దిగు. ఈల మాత్రం వేయొద్దు."

"నేనెందుకు వేస్తా మేడమ్!" అన్నాడు. తిమ్మమ్మ ఆ మాట నమ్మలేదు.

ఎమ్మిగనూరు జాతరలో జనం కిక్కిరిసి ఉన్నారు. నరసన్న ఎద్దులను బండకు కట్టారు. అవి నిలబడ్డచోటు నుంచి అంగుళం కదల్లేదు.

"బావా! ఒక్కసారి బావా! సిన్నగా వేసినా సాలు!" అని నరసన్న కేక పెట్టాడు.

తిమ్మమ్మ వద్దని తల ఊపింది. హుసేనప్ప ఆమె వైపు చూడలేదు. ఛాతీ నిండా గాలి పీల్చి వదిలాడు. సగం ఈల వచ్చింది. దాని వెంటే పళ్ళూ వచ్చాయి. ఎండకు తళుక్కుమని మెరిసి, గాల్లో ఒక పల్టీ కొట్టి, సరిగ్గా ఎద్దుల ముందు దుమ్ములో పడ్డాయి. ఆ సగం ఈల చాలు ఎద్దులకు. బండను ఈడ్చుకుంటూ ఉరికాయి.

"నా ఫల్లు! నా ఫల్లు!" అని హుసేనప్ప అరిచాడు.

నరసన్నకు అది "ఫుల్లు" అని వినిపించింది. "ఫుల్లంట! పోనీరా, ఫుల్లు పోనీ!" అని ఎద్దులను ఇంకా అదిలించాడు. బండ పళ్ళ మీదుగా వెళ్ళిపోయింది.

కాసేపటికి మైకులో, "పండ్లు పోగొట్టుకున్నోళ్ళు యాడున్నా కమిటీ దగ్గరికి రావాలప్పా! ముక్కలు భద్రంగా ఉండాయి!" అని వినిపించింది. మైదానమంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది హుసేనప్పే. తువ్వాలు భుజం మీదే ఉంది. బోసినోరు బార్లా తెరిచి, డొక్కలు పట్టుకుని నవ్వాడు. తిట్టడానికి వచ్చిన తిమ్మమ్మ ఆ దుమ్ములోనే కూలబడి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నరసన్న ఎద్దులు రెండో బహుమతి కొట్టాయి.

మళ్ళీ ఆదోని. పొట్లంలో ముక్కలు చూసి శరణ్య, "ఈల వేసినావు" అంది.

"వేయలా మేడమ్. అదే వచ్చింది."

ఆమె నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగింది. తేరుకున్నాక అసలు సంగతి చెప్పింది. దవడ ఎముకలో చిన్న మరలు దింపుతుంది. కొన్ని నెలలకు ఎముక వాటిని పట్టుకుంటుంది. అప్పుడు వాటి మీద నాలుగు పళ్ళూ కదలకుండా బిగిస్తుంది. అయితే ముందు చిగుళ్ళు బాగుపడాలి, నల్లపొడి మానాలి.

"అవి పుచ్చిపోవు కదా మేడమ్? ఇంగ తోమే పని ల్యాదు కదా?" అన్నాడు ఆశగా.

"పళ్ళు పుచ్చవు. చుట్టూ చిగురు చెడితే మరలు కూడా ఊడతాయి. బతికినన్నాళ్ళూ తోమాల్సిందే."

తిమ్మమ్మ నల్లపొడి డబ్బాను పేడదిబ్బలో విసిరేసింది. హుసేనప్ప కొన్నాళ్ళు అలిగాడు, సోంపు నమిలాడు, చివరికి చిన్న బ్రష్షుతోనే స్నేహం కుదుర్చుకున్నాడు. మరలు దింపిన రోజు మందుతో నోరు మొద్దుబారి అతనికేమీ తెలియలేదు. బయట కూర్చున్న తిమ్మమ్మకే చెమటలు పట్టాయి. ఎముక పట్టిందని చూసుకున్నాక శరణ్య కొత్త పళ్ళు బిగించింది. తిరుగు బస్సులో కనిపించిన ప్రతి మనిషినీ చూసి అతను ఇకిలించాడు. కండక్టరు చుట్టమేమో అనుకుని, "ఇంట్లో అందరూ బాగుండారా?" అని పలకరించాడు.

ఈల మాత్రం రాలేదు. కొత్త పళ్ళకు నాలుక అలవాటు పడలేదు. పొద్దస్తమానం "స్స్స్" అంటూ తిరిగేవాడు.

"ఇంట్లో కుక్కరు ఒకటి సాలదా?" అని తిమ్మమ్మ విసుక్కుంది.

ఒక ఉదయం చేలో ఉన్నట్టుండి ఈల వచ్చేసింది. పాతదాని కన్నా సన్నగా, పదునుగా ఉంది. అతని గొర్రెలు తలెత్తి, ఎవరో కొత్తవాడనుకుని మళ్ళీ మేతలో పడ్డాయి. కంచె అవతల పక్క చేలో మేస్తున్న కాశప్ప మంద మాత్రం మొత్తంగా ఇటు దౌడు తీసింది. వెనకాల కాశప్ప గొంగడి ఊపుతూ పరుగెత్తుకొచ్చాడు.

"ఏం మందు పెట్టినావు హుసేనప్పా నా గొర్రెలకు?"

వాటిని చూసి ఇతని గొర్రెలూ ఉరికాయి. రెండు మందలూ కలిసిపోయాయి. ఏది ఎవరిదో తేల్చడానికి, గోల విని వచ్చిన తిమ్మమ్మతో కలిపి ముగ్గురూ చెవులకు కోసిన గుర్తులు పట్టి చూస్తూ పొద్దు గూకేదాకా తంటాలు పడ్డారు. ఒక పొట్టేలు తోసేస్తే తిమ్మమ్మ బోర్లా పడి, లేవకుండా అక్కడే నవ్వుతూ ఉండిపోయింది.

అయినా ఆ సాయంత్రం ఇంటికి ఒక గొర్రె ఎక్కువే వచ్చింది. మర్నాడు కాశప్ప వచ్చి దాన్ని తోలుకుపోతూ, "మేడమ్ అడ్రసు సెప్పప్పా, నాకూ ఒక పన్ను ఊగుతాంది" అన్నాడు.