ముందు నాకే చెయ్యుండ్రి సార్

మా మందమర్రిలో పోలీసులు గంజాయి పరీక్ష పెడితే, వాళ్లు జీపు దిగేలోపే కొమురెల్లి వరసలో మొదట నిలబడి ఉండేవాడు. ఎవరూ పిలవరు. చంకలో రెండు లీటర్ల నీళ్ల సీసా. మిగతా కుర్రాళ్లు క్వార్టర్ల సందుల్లోకి మాయమైతే, ఇతనొక్కడూ విందుకు వచ్చినట్టు వచ్చేవాడు.

"ముందు నాకే చెయ్యుండ్రి సార్."

"నిన్ననే జేసినం గదరా!" అనేవాడు ఎస్సై.

"నిన్నటిది నిన్నటికే అయిపాయె సార్. ఇయ్యాల మీటింగున్నది."

కొమురెల్లి పెట్టిన సంఘం పేరు గంజాయి చట్ట సవరణ యువజన సంఘం. అమ్మేవాణ్ణి వదలొద్దు, తాగేవాణ్ణి మాత్రం జైలుకు కాదు, దవాఖానకు పంపాలి. అడిగేది ఇంతే. కానీ సంఘం పేరు చెప్పగానే జనం అతని కళ్లు ఎర్రగా ఉన్నాయేమోనని చూసేవారు. నిజానికి అతను బీడీ కూడా ముట్టడు. అందుకే ప్రతి మీటింగుకు ముందు మూత్ర పరీక్ష చేయించుకుని, ఆ కిట్టును ఎస్సై దగ్గర బతిమాలి తీసుకుని, రుమాలులో చుట్టి తెచ్చేవాడు. సంఘంలో అతను కాక ముగ్గురు. ఒకడు గంజాయి వ్యతిరేక ర్యాలీ అనుకుని చేరి, మానడానికి మొహమాటపడి ఉండిపోయాడు.

గని గేటు దగ్గర షిఫ్టు దిగే వేళ యూనియన్ మీటింగు అయ్యాక, నాయకుడు సిద్దిరాములు మైకు ఇతనికి ఇచ్చేవాడు. అలసిన కార్మికులకు కాస్త నవ్వు దొరుకుతుందని.

"మొదలు కిట్టు సూపియ్యి!" అని అరిచేవారు.

"సూడుండ్రి, సాఫ్! అన్నా, జైలుకు పోయినోడు బాగై రాడు, పక్కా దొంగై వస్తడు. దవాఖానకు పంపుండ్రి."

"ముందుగాల నువ్వు పోరాదు!"

అందరికంటే ఎక్కువ మండిపడేది అతని పక్క క్వార్టరు మల్లక్క. ఆమె భర్త గనిలో ఆరోగ్యం చెడి ఇంట్లో కూర్చున్నాడు. ఆ ఉద్యోగం కొడుకు సన్నీకి రావాలి. కాగితాలు కదులుతున్నాయి. మధ్యలో ఒక్క కేసు పడితే అంతా పోతుంది.

"నీ గంజాయి ముచ్చట మా పోరని దగ్గర తియ్యకు బిడ్డా," అనేది. "వాడు అమాయకుడు."

ఆ అమాయకుడు అప్పటికే గంజాయి బాగా తాగుతున్నాడు. ఆ సంగతి తెలిసింది కొమురెల్లికి ఒక్కడికే. తర్వాత జరిగింది నాకు చాలా రోజులకు సన్నీయే చెప్పాడు.

కొమురెల్లి అతన్ని బతిమాలి మంచిర్యాల దవాఖానకు తీసుకెళ్లాడు. మత్తు మాన్పించే వార్డు గుమ్మం దగ్గర సన్నీ ఆగిపోయాడు.

"నేను రానన్నా. అందరు నన్నే సూస్తరు."

కొమురెల్లి ఒక్క క్షణం అతని మొహం చూశాడు. తర్వాత నేరుగా వెళ్లి డాక్టరు ముందు కుర్చీలో కూర్చున్నాడు.

"ముందు నాకే చెయ్యుండ్రి సార్. నేను గంజాయి తాగుత."

"రోజుకెంత?"

కొమురెల్లికి ఆ లెక్క తెలియదు.

"ఓ గిలాసెడు సార్."

డాక్టరు పెన్ను ఆగింది. గుమ్మంలో సన్నీ పగలబడి నవ్వాడు. నవ్వుతూనే వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆ తర్వాత కూడా వెళ్లిన ప్రతిసారీ ఇద్దరూ కలిసే వెళ్లారు.

ఒకరోజు బీపీ గోలీల కోసం అదే దవాఖానకు వచ్చిన సిద్దిరాములు కంట కొమురెల్లి పడ్డాడు, వార్డులో, చేతిలో చిట్టీతో. సన్నీ అప్పుడు మందులు తేవడానికి వెళ్లాడు. సాయంత్రానికి గేటంతా తెలిసింది.

"మరి కిట్టు సాఫ్ వస్తుండె గదనే?" అన్నాడొకడు.

"గందుకే గన్ని నీళ్లు తాగుతుండె, పరీక్షల దొరకకుండ!" అన్నాడు ఇంకొకడు.

మర్నాడు అతను మైకు పట్టుకోగానే "దవాఖాన చిట్టీ సూపియ్యి!" అని కేకలు. గుంపులో మల్లక్క కూడా ఉంది. ఆమె వెనక సన్నీ తల దించుకుని నిలబడ్డాడు. సన్నీ కోసమే వెళ్లానని ఒక్క మాట చెబితే కొమురెల్లి పరువు నిలిచేది.

"అవును, పోయిన," అన్నాడు కొమురెల్లి. "నేను మొదటి సంది చెప్పేది గదే గదా. దవాఖానకే పోవాలె."

మైకు కింద పెట్టి వెళ్లిపోయాడు. సంఘం ఆరోజే ముగిసింది. మొహమాటపు సభ్యుడు మాత్రం ఊపిరి పీల్చుకున్నాడు. కొమురెల్లికి చొప్పదండి నుంచి పిల్లనిస్తామన్నవాళ్లు మళ్లీ ఫోనెత్తలేదు. ఇప్పుడు అతను కాగజ్‌నగర్‌లో ఒక సిమెంటు దుకాణంలో పని చేస్తున్నాడు. చట్టం ఎలా ఉన్నది అలాగే ఉంది. గేటు దగ్గర మీటింగులు జరుగుతూనే ఉన్నాయి. ఆ ముచ్చట ఎత్తేవాడే లేడు.

మొన్న బజారులో పోలీసులు పరీక్ష పెట్టారు. మొదటి షిఫ్టు దిగి వస్తున్న సన్నీ వరసలో అందరికంటే ముందున్నాడు. చంకలో రెండు లీటర్ల సీసా.

"ముందు నాకే చెయ్యుండ్రి సార్."

"నిన్నెవరు పిలిచిండ్రయ్యా?" అన్నాడు కొత్త ఎస్సై.

"మా పోరనికే ముందు జెయ్యుండ్రి!" అని కూరగాయల సంచితో వెనక నుంచి మల్లక్క అరిచింది. ఉద్యోగం వచ్చిన రోజే సన్నీ ఆమెకు అంతా చెప్పేశాడు.

సన్నీ కిట్టును ఫొటో తీసి కాగజ్‌నగర్‌కు పంపాడు. జవాబు వెంటనే వచ్చింది. ఫోను నా ముందు పెట్టాడు.

"సాఫ్. నీళ్లు జర తక్కువ తాగు తమ్మీ. మంది అనుమానపడ్తరు."