ఎడమచేతి అతుకు

అతుకుల బాబాయి నది గట్టు మీద రైలింగ్ పని చేసి రెండేళ్లు దాటింది. పన్నెండు మంది వెల్డర్లు పంచుకున్న పని అది. వంతెన దగ్గర నుంచి పడవల రేవు దాకా ఉన్న స్తంభాల్లో నాలుగు వందలు ఆయన వంతు. పని పూర్తయ్యాక సాయంత్రమైతే చాలు, ఊరంతా అక్కడే తిరగడం మొదలుపెట్టింది. ఆయన మాత్రం ఆ ఛాయలకు పోలేదు. భార్య అడిగితే, "ఏడాదంతా అక్కడే పడున్నాను కదే, మళ్లీ చూడ్డానికేముంది?" అనేవాడు.

వాళ్లది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో భార్య కుట్టుమిషను, వెనక గదిలో మంచం. ఆ ఇంటికి భార్య అక్క కంటి పరీక్షకని వచ్చి పది రోజులు ఉంది. ఆవిడ ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పి ఉద్యోగం మానింది. గొంతు మాత్రం మానలేదు.

"ఏం మరిదీ, నువ్వు చేసిన గట్టు నాకు చూపించవా? కళ్లలో చుక్కలు వేయించుకుని మీ గోడలు చూస్తూ కూర్చోడానికా నేనొచ్చింది?" అంది.

ఆదివారం సాయంత్రం ముగ్గురూ బయలుదేరారు. రాతిపలకల దారి పొడుగునా జనం. ఒక లావుపాటాయన కుక్కతో పోతున్నాడు. ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో చెప్పడం కష్టం. అక్కాచెల్లెళ్లు ముందు నడుస్తున్నారు. బాబాయి వెనకే, ఒక్కో స్తంభాన్నీ తడుముతూ వస్తున్నాడు.

"నీళ్లు చూడమని తీసుకొస్తే ఇనుము నిమురుతారేమిటండీ! నలుగురూ చూస్తున్నారు" అంది భార్య.

రేవుకి కాస్త ఇవతల, దారి వంపు తిరిగేచోట ఆయన చెయ్యి ఆగింది. నొక్కితే స్తంభం అవతలికి ఒరిగి మళ్లీ వెనక్కి వచ్చింది. వంగి చూశాడు. అడుగున రంగు పొక్కిపోయి, అతుకు సగం దాకా నోరు తెరుచుకుంది. దాని అవతల రెండు నిలువుల లోతున రాళ్లు. ఆ పన్నెండు మందిలో ఎడమచేతి వాటం ఆయనొక్కడిదే. అతుకు మీది గీతలన్నీ కుడిచేతి వాళ్లవాటికి ఎదురు పక్కకి వాలి ఉన్నాయి. ఆ వంపు దగ్గర పని చేసిన వారం తనకి జ్వరమని, గడువు దగ్గరపడిందని మేస్త్రీ సెలవు ఇవ్వలేదని కూడా ఆయనకి గుర్తొచ్చింది.

కాపలా మనిషి ఈల ఊదుకుంటూ వచ్చాడు. "పెద్దాయనా, ఊపకండి. అది ఆటవస్తువు కాదు."

"ఊపకపోయినా ఊగుతోందయ్యా. నువ్వే పట్టుకుని చూడు."

"రేపు ఆఫీసులో చెప్పుకోండి" అని అతను వెళ్లిపోయాడు.

బాబాయి అక్కడే నిలబడిపోయాడు. ఫొటోల కోసం ఆనుకోబోయిన ఒక కొత్త జంటని, "ఇక్కడొద్దమ్మా, కాస్త అటు జరగండి" అన్నాడు. "ఈ చోటేమైనా నువ్వు కొనుక్కున్నావా?" అన్నాడు పెళ్లికొడుకు. అప్పుడు వదినగారు రంగంలోకి దిగింది.

"ఏం నాయనా, చెప్పింది వినపడలేదా? మూడడుగులు వెనక్కి. ఊఁ!"

వాళ్లే కాదు, పక్కనున్న నలుగురు కూడా వెనక్కి జరిగారు. భార్య తన శాలువా తీసి రెండు పక్కల గట్టి స్తంభాలకి అడ్డంగా కట్టింది. గంటసేపు ముగ్గురూ అక్కడే ఉన్నారు. కాపలా మనిషి మళ్లీ వచ్చి, వదినగారి నోటికి జడిసి, స్తంభాన్ని ఒక్కసారి కదిపి చూశాడు. వెంటనే ఆఫీసుకి ఫోను చేశాడు. పది నిమిషాల్లో ఇనుప అడ్డాలు వచ్చాయి.

మర్నాడు బాబాయి ఆఫీసుకి వెళ్లాడు. ఇంజనీరు విని, "ఇది ఎవరి పనో తేల్చాలి" అన్నాడు.

"నాదేనండి."

ఇంజనీరు తలెత్తి చూశాడు. "మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు."

"ఇప్పుడు తెలిసింది కదండి. మిగతావి కూడా చూడనివ్వండి. జ్వరంతో చేసినవి ఇంకా ఉన్నాయి."

నాలుగు రోజులు బాబాయి ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని గట్టంతా తనిఖీ చేశాడు. తొమ్మిది స్తంభాలు బయటపడ్డాయి. వాటిలో ఆయనవి మూడు. అన్నిటినీ మళ్లీ అతికారు.

పని ముగిసిన రాత్రి భోజనాల దగ్గర సంగతంతా విని భార్య కంచంలో చెయ్యి అలాగే ఉంచేసింది. "మీదేనని అక్కడే ఎందుకు చెప్పలేదండీ?"

"చెబితే నువ్వు అక్కడ నిలబడగలిగేదానివా?"

వదినగారు మనసులోనే లెక్క వేసింది. "నాలుగు వందల్లో మూడు. నూటికి తొంభై తొమ్మిది దాటింది మరిదీ. నా క్లాసులో ఎవడికీ అన్ని రాలేదు."

"ఆ మూడింటికీ మనుషులు ఆనుకుంటారు కదా వదినా" అన్నాడాయన.

ఆ తర్వాత నుంచి ఏటా వానలు వెలిశాక ఆఫీసు వాళ్లు ఆయన్ని తనిఖీకి పిలుస్తున్నారు. వారం రోజులు వెళ్లి, వంతెన దగ్గర మొదలుపెట్టి, తనవీ పరాయివీ అన్నీ చూసి వస్తాడు.